ల్యాప్‌టాపు లేవకున్నను పంచాయతీ దస్త్రము పోదు

(నల్లగొండ, మహబూబునగరము ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



1959 అక్టోబరు 11వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ జవహర్‌లాల్ నెహ్రూ మహబూబునగరము జిల్లాలోని షాద్‌నగరమునకు విచ్చేసి ఆంధ్రప్రదేశములో పంచాయతీరాజ్యమునకు ప్రారంభోత్సవము గావించిరి. 2016 నుండి షాద్‌నగరము రంగారెడ్డి జిల్లాలో చేరినది. నాటి నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు రెండును నేడు పెక్కు జిల్లాలుగా విడివడినవి. ఆ రోజులలో పంచాయతీ దస్త్రమనగా రిజిస్టర్ల కట్ట, దానికొక పెట్టె, పెట్టెకొక తాళము. ఆ రిజిస్టర్లు నేటికిని ఉన్నవి. అయితే వాని ప్రక్కన ల్యాప్‌టాపు వచ్చి కూర్చున్నది. ఇంటి పన్ను లెక్కలు, పనుల బిల్లులు, తీర్మానముల నకళ్లు, ఉత్తర ప్రత్యుత్తరములు, పనులకు ముందును తరువాతను తీసిన ఛాయాచిత్రములు దానిలోనికి చేరినవి. 2025 డిసెంబరు ఎన్నికలలో గెలిచి క్రొత్తగా వచ్చినవారు మీలో అనేకులున్నారు. కుర్చీలు, బల్లలు, ట్రాక్టరు, వీధి దీపములు లెక్క చూచుకొని మీరు బాధ్యత స్వీకరించియుందురు. ఆ ల్యాప్‌టాపులో ఏమున్నదో ఎందరు చూచిరి?

ఒక ఉదయము కార్యదర్శిగారు మీట నొక్కుదురు. తయారుచేసిన కంపెనీ గుర్తు కనబడును. చుక్కలు గుండ్రముగా తిరుగును. అవి తిరుగుచునే యుండును. లేదా తెర నీలిరంగుగా మారి ఆంగ్లములో నేదో చెప్పి ఆగిపోవును. అది మార్చి నెలాఖరైనచో, బిల్లులు పంపవలసిన దినమైనచో, అక్కడనున్న వారందరికిని కాళ్లు చేతులు ఆడవు. ఎవరో ఒకరు "పట్నము తీసికొనిపోయి ఫార్మాటు కొట్టించుడు" అని సలహా ఇత్తురు. సాయంకాలమునకు యంత్రము తళతళలాడుచు తిరిగివచ్చును. అప్పుడు తెరచి చూచిన, దానిలో ఏమియు నుండదు.

మేము నేడు చెప్పవచ్చినది ఈ సంగతియే. యంత్రము మేల్కొనకపోవుట వలన దస్త్రము పోవుట అరుదు. మేల్కొలుపవలెనను తొందరలో మనము చేయు పనివలన పోవుట అధికము. కావున మొదట ఏమి చేయరాదో, తరువాత ఏమి చేయవలెనో వరుసగా విన్నవించుచున్నాము. పంచాయతీ సభ్యులు కంప్యూటరు పనివారు కానక్కరలేదు. ఎదుటివాడు ఏమి చేయుచున్నాడో తెలిసికొని, "ఆగుము, ముందిది చేయుము" అని చెప్పగలిగిన చాలును.

బోరు మోటారు సంగతి మీకెల్లరకును తెలిసినదే. స్టార్టరు మీట నొక్కినంతనే నీరు పడదు. ముందు కరెంటు స్టార్టరునకు రావలెను. మూడు ఫేజులును అందిన పిదప స్టార్టరు మోటారును కదలించును. మోటారు తిరిగి, క్రింది నీటిని పైకి తోడును. వీనిలో ఏ ఒక్కటి తప్పినను నీరు రాదు. కాని నీరు భూమిలో నున్నచోటనే యున్నది. మోటారు కాలిన నాడు రైతు మెకానిక్కును పిలుచునే గాని బోరును పూడ్చుకొనడు.

ల్యాప్‌టాపు లేచు విధమును ఇట్టిదే. మీట నొక్కగనే మొదట లోపలి పలకపై నున్న చిన్న చిప్పులోని కార్యక్రమము మేల్కొనును. దీనిని వెనుకటి వారు బయాసు అనిరి. క్రొత్త యంత్రములలో దీని పేరు యూఈఎఫ్ఐ. అది జ్ఞాపకశక్తి పలక, కీబోర్డు, తెర సరిగానున్నవో లేవో పరీక్షించుకొని డిస్కును వెదకును. డిస్కుపై నొకచోట విండోసును లేపు చిన్న కార్యక్రమముండును. పని దాని చేతికి పోవును. అది విండోసు అను ఆపరేటింగ్ సిస్టమును లేపును. విండోసు లేచి పాస్‌వర్డు అడుగును. దుకాణములవారు "బూటు కావడము లేదు" అనునది ఈ వరుసలో ఎక్కడనో ఒకచోట తెగినదని చెప్పుటయే. ఆ మాట నిజముగా కాలి బూటు నుండియే వచ్చినది; తన బూటు పట్టీని తానే పట్టుకొని తన్ను తాను పైకి లేపుకొనుట యని దాని భావము. మీ దస్త్రములు ఈ వరుసలో లేవు. అవి డిస్కులో, బోరులోని నీరువలె, వేరుగా నున్నవి.

కాబట్టి మొదటి ప్రశ్న: వరుస ఎక్కడ తెగినది? దానిని తెర చూచియే చాలవరకు చెప్పవచ్చును.

మీట నొక్కినను ఒక్క దీపమైనను వెలుగకున్నచో అది విండోసు దోషము కాదు. గోడ సాకెట్టులో కరెంటున్నదా, చార్జరు తీగ నలిగినదా యని చూడుడు. చార్జరు తీసివేసి, మీటను ముప్పది సెకండ్లు అదిమి పట్టి, మరల చార్జరు తగిలించి నొక్కుడు. లోపల నిలిచిపోయిన కొద్దిపాటి విద్యుత్తు విడిపోయి యంత్రము లేచుట కలదు. చిత్రముగా తోచును గాని పనిచేయు ఉపాయము. అదే కొలత గల వేరొక చార్జరుతో చూచుట మరియొకటి.

దీపము వెలిగి, పంకా తిరుగుచు, తెర మాత్రము నల్లగా నున్నచో, చేతి టార్చి వెలుతురును తెరపై ఏటవాలుగా వేసి చూడుడు. లోపల మసకగా బొమ్మ కనబడినచో తెర దీపము పోయినది; మిగిలినదంతయు బాగుగనే యున్నది. పంచాయతీ కార్యాలయమున గాని, బడిలో గాని టీవీ యుండినచో తీగతో దానికి తగిలించి పని గడుపుకొనవచ్చును. తెర చీకటిగా నుండి బీపు బీపుమని శబ్దము వచ్చుచున్నచో జ్ఞాపకశక్తి పలక కదలియుండవచ్చును. దానిని తీసి తుడిచి మరల బిగించుట పనివానికి నిమిషముల పని. దస్త్రమునకు దానితో సంబంధమే లేదు.

కంపెనీ గుర్తు వచ్చి, ఆపైన "నో బూటబుల్ డివైస్" అను అర్థము గల వాక్యము కనబడినచో, లేపదగిన డిస్కు దొరకలేదని యంత్రము చెప్పుచున్నది. వెంటనే కంగారుపడకుడు. ముందు ప్రక్కన గ్రుచ్చియున్న పెన్‌డ్రైవులన్నియు ఊడదీయుడు. విండోసు లేని పెన్‌డ్రైవును పట్టుకొని దానినుండి లేవజూచి యంత్రము ఆగిపోవుట మిక్కిలి సాధారణము. ఊడదీసినను మారకున్నచో, మీట నొక్కిన వెంటనే ఎఫ్ 2 గాని, డిలీటు గాని, ఎఫ్ 10 గాని (ఇది కంపెనీని బట్టి మారును) మాటిమాటికి నొక్కినచో చిప్పులోని పట్టిక తెరచుకొనును. అందులో డిస్కు పేరు కనబడుచున్నదా? కనబడినచో డిస్కు బ్రతికియున్నది. లేచు వరుస మారియుండవచ్చును, లేదా విండోసు చెడియుండవచ్చును. పేరే కనబడకున్నచో డిస్కు వదులైనను అయియుండవలెను, చెడినను చెడియుండవలెను. ఆ పట్టికలో తెలియని దానిని మార్చవలదు. చూచి వెలుపలికి వచ్చుటయే మన పని. అందులోనే తేదీని కూడ చూడుడు. ఎన్నియో ఏండ్ల క్రిందటి తేదీ చూపుచున్నచో లోపలి చిన్న గుండీ బ్యాటరీ అయిపోయినది. తేదీ తప్పిన యంత్రము లేచినను ప్రభుత్వ పోర్టళ్లు దానిని లోనికి రానీయవు. ఇంటర్నెట్టు చెడినదని మనము అనుకొందుము.

ఇక మన ప్రాంతమునకు ప్రత్యేకమైన మాట ఒకటి. ఈ చల్క నేలల ఎర్ర దుమ్ము, నల్లగొండ ఎండలు ల్యాప్‌టాపునకు శత్రువులు. గాలి పోవు సందులలో దుమ్ము పేరుకొనినచో యంత్రము వేడెక్కి లేచుచునే ఆగిపోవును. దానిని విండోసు దోషమని భావించి ఫార్మాటు చేయించినవారికి మరునాడు అదే కథ. చల్లారనిచ్చి, దుమ్ము తీయించి, బల్లపై గుడ్డలు కాగితములు లేకుండ పెట్టి చూడుడు. ఉరుములు మెరుపుల వేళ తీగను సాకెట్టునుండి తీసివేయుడు. బ్యాటరీ పూర్తిగా చచ్చిన ల్యాప్‌టాపులు కార్యాలయములలో అనేకముగా నుండును. అట్టి దానిలో విండోసు తన్ను తాను సవరించుకొనుచున్న సమయమున కరెంటు పోయినచో సగము సవరణతో నిలిచి, మరునాడు లేవదు. క్రొత్త బ్యాటరీకి పంచాయతీ వెచ్చించు సొమ్ము దండుగ కాదని మా అభిప్రాయము.

ఇంతవరకు చెప్పినది యంత్రపు సంగతి. విండోసే లేవకున్నచో ఏమగును? వరుసగా రెండు మూడు సార్లు లేవలేకపోయినచో అది తానే ఒక నీలి తెరను చూపి, మరమ్మతు మార్గములను మన ముందుంచును. అందులో ట్రబుల్‌షూట్ అనునది ఎన్నుకొని, దాని క్రింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరచినచో కొన్ని మార్గములు కనబడును. స్టార్టప్ రిపేర్ అనునది లేపు కార్యక్రమమును తానే బాగుచేయజూచును. అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అనునది క్రొత్తగా వచ్చిన సవరణను తీసివేయును; నిన్నటిదాక బాగుగా నడచి రాత్రి సవరణ పిదప చెడినచో ఇది మంచి మార్గము. సిస్టం రిస్టోర్ అనునది విండోసును వెనుకటి ఒక దినపు స్థితికి తెచ్చును. స్టార్టప్ సెట్టింగ్స్ ద్వారా పోయి 4 అంకె నొక్కినచో సేఫ్ మోడ్ అను పరిమిత స్థితిలో విండోసు లేచును. అట్లు లేచినచో వెంటనే చేయవలసినది మరమ్మతు కాదు, దస్త్రముల నకలు తీసికొనుట. ఈ నాలుగును మీ కాగితములను ముట్టవు.

అదే ట్రబుల్‌షూట్ తెరపై, అన్నిటికంటె పైన, రీసెట్ దిస్ పీసీ అను మరొకటి యుండును. అది పైన నుండుటచేత చేయి దానిపైకే పోవును. దానిని నొక్కినచో ఫైళ్లు ఉంచవలెనా, అన్నియు తీసివేయవలెనా యని అడుగును. ఉంచుమన్నను మీరు పెట్టుకొన్న సాఫ్టువేర్లన్నియు పోవును. తీసివేయుమన్నచో చెప్పవలసినది లేదు. నకలు చేతికి రాకుండ దానిని నొక్కరాదు.

ఇట్టిది ఒక్క పంచాయతీకి గాక లోకమునకంతటికిని జరిగిన దినమొకటి కలదు. 2024 జూలై 19వ తేదీ, శుక్రవారము. క్రౌడ్‌స్ట్రైకు అను అమెరికా కంపెనీ తన రక్షణ సాఫ్టువేరునకు ఒక సవరణను పంపినది. మన గడియారమున ఉదయము 9 గంటల 39 నిమిషములకు అది బయలుదేరినది; 10 గంటల 57 నిమిషములకు దానిని వెనుకకు తీసికొనిరి. ఆ 78 నిమిషములలోనే ప్రపంచమున దాదాపు 85 లక్షల విండోసు యంత్రములు నీలి తెర చూపి, లేవబోయి పడి, మరల లేవబోయి పడినవని మైక్రోసాఫ్టు అంచనా వేసినది. విమానములు నిలిచినవి, ఆసుపత్రుల పని కుంటుపడినది. పాలమూరు బస్సులు పోవు దారిలోనే యున్న శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులు కలముతో చేతివ్రాతన వ్రాసి ఇచ్చిరి. ఆ చీటీల బొమ్మలు దేశమంతట ప్రచారము పొందినవి.

మరి దానిని బాగుచేసిన విధమేమి? ఎవ్వరును 85 లక్షల యంత్రములను ఫార్మాటు చేయలేదు. ఒక్కొక్క యంత్రమును సేఫ్ మోడ్‌లో గాని, మరమ్మతు తెరలో గాని లేపి, చెడిన ఫైలు నొకదానిని తొలగించిరి. అది తొలగిన వెంటనే యంత్రము యథాప్రకారము లేచినది. లోపలి దస్త్రములు ఉన్నవి ఉన్నట్లే యున్నవి. ఆ సాఫ్టువేరు పెద్ద సంస్థలు వాడునది. చిన్న కార్యాలయములకును ఇండ్లకును దానితో అంతగా పని లేదు. కాని ఆనాడు బాగుచేయబోయిన వారిలో అనేకులకు ఒక అడ్డంకి వచ్చినది. అది మన గ్రామములకును వచ్చుచున్నది గనుక కొంచెము నిదానముగా చెప్పుదుము.

క్రొత్త ల్యాప్‌టాపులలో బిట్‌లాకరు అను తాళముండును. డిస్కులోని అక్షరములన్నిటిని అది గూఢలిపిగా మార్చియుంచును. దొంగ ఎత్తుకొనిపోయినను చదువలేడు, ఇది మంచిదే. రోజువారీ పనిలో ఈ తాళమున్నట్లే మనకు తెలియదు. కాని మరమ్మతునకు పూనుకొన్నప్పుడు, లోపలి పలక మార్చినప్పుడు, చిప్పులోని పట్టికను సవరించినప్పుడు అది మేల్కొని 48 అంకెల తాళపుచెవిని అడుగును. 2024లో వచ్చిన విండోసు 11 కూర్పు నుండి, మైక్రోసాఫ్టు ఖాతాతో ప్రారంభించిన క్రొత్త యంత్రములలో ఈ తాళము సామాన్యముగా తనంత తానే పడుచున్నది. ఆ 48 అంకెలు ఎక్కడ నుండును? మొదట ఎవరి ఖాతాతో ల్యాప్‌టాపును ప్రారంభించిరో వారి ఖాతాలో నుండును.

ఆ మొదటివారెవరు? యంత్రము క్రొత్తగా వచ్చిన నాడు కంప్యూటరు ఆపరేటరుగా నున్న యువకుడు తన స్వంత ఈమెయిలుతో ప్రారంభించియుండవచ్చును. ఇప్పుడతడు వేరొక ఉద్యోగమునకు పోయియుండవచ్చును. కార్యదర్శిగారు బదిలీపై వెళ్లియుండవచ్చును. అప్పుడు పంచాయతీ దస్త్రపు తాళపుచెవి ఒక వ్యక్తి ఈమెయిలులో నున్నది. ఆ వ్యక్తి ఫోను ఎత్తవలెను, పాస్‌వర్డు జ్ఞాపకముండవలెను. ఆ చెవి పోయినచో మైక్రోసాఫ్టు కంపెనీయే తిరిగి చేసి యియ్యజాలదు.

పెద్దలకు పట్వారీల కాలము జ్ఞప్తికి వచ్చియుండును. 1984లో ఆ పద్ధతి రద్దగు వరకు గ్రామపు లెక్కలు పట్వారిగారి యింటి పెట్టెలో నుండెడివి. పహాణీ నకలు కావలసిన రైతు ఆ యింటి అరుగు మీద కూర్చొని వేచియుండవలసి వచ్చెడిది. దస్త్రము గ్రామముది, పెట్టె ఆయనది. ఈ 48 అంకెలు ఒకరి స్వంత ఖాతాలో నుండుటయు అట్టిదే. తేడా ఏమనగా, పట్వారిగారు ఊరిలోనే యుండెడివారు.

దీనికి ఉపాయము సులభము, ఖర్చు లేనిది, కాని యంత్రము బాగుగా నున్న నాడే చేయవలెను. పంచాయతీ పేరున, కార్యాలయమునకే చెందిన ఒక ఈమెయిలు ఖాతా నేర్పరచి ల్యాప్‌టాపును దానితో నడుపుడు. సెట్టింగులలో డివైస్ ఎన్‌క్రిప్షన్ అను చోటగాని, కంట్రోల్ ప్యానెలులో బిట్‌లాకర్ అను చోటగాని తాళమున్నదో లేదో తెలియును. ఉన్నచో 48 అంకెలను, వానితోబాటు కనబడు గుర్తింపు సంఖ్యను అచ్చుతీయించి, కవరులో పెట్టి, రిజిస్టర్లు ఉంచు బీరువాలో భద్రపరచుడు. ల్యాప్‌టాపు సంచిలో పెట్టరాదు. తాళమును చెవిని ఒకే దారమున కట్టినట్లగును. కార్యదర్శి మారినప్పుడు అప్పగింతల పట్టికలో ఈ కవరునకు ఒక వరుస యుండవలెను. దీనిని నెలసరి సమావేశమున తీర్మానముగా వ్రాయించుట వార్డు సభ్యులలో ఎవరైనను చేయదగిన పని.

ఇప్పుడు ఊరట కలిగించు మాట. ల్యాప్‌టాపు పోయినను పోనివి చాల కలవు. 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ పోర్టలులో మీరు నమోదు చేసిన ప్రణాళికలు, ఖర్చులు, చెల్లింపులు ప్రభుత్వ సర్వర్లలో నున్నవి. వేరొక కంప్యూటరు ముందు కూర్చొని అదే పాస్‌వర్డుతో తెరచిన అన్నియు కనబడును. చెల్లింపులకు వాడు డిజిటలు సంతకము ఆ చిన్న టోకెనులోనే యుండును గాని ల్యాప్‌టాపులో నుండదు. విండోసు మరల వేసినను సంతకము చెడదు, టోకెను నడుపు సాఫ్టువేరును మాత్రము మరల పెట్టుకొనవలెను. కావున మార్చి 31 నాడు యంత్రము మొండికేసినచో దానితో పెనుగులాడుట మాని, మండల పరిషత్ కార్యాలయమునకో ప్రక్క ఊరి పంచాయతీకో టోకెనుతో పోయి ఆ దినపు పని ముగించుకొని రండు. మరమ్మతు రేపు చేయవచ్చును.

పోవునవి ఏవి యనగా, డెస్కుటాపు మీద, డాక్యుమెంట్లలో మాత్రమే యున్నవి: వర్డులో కొట్టిన తీర్మానములు, ఎక్సెలులోని పన్ను బకాయిల పట్టిక, స్కాను చేసిన అర్జీలు, ఛాయాచిత్రములు. కొందరు "డి డ్రైవులో వేరే నకలు పెట్టితిమి" అని నిశ్చింతగా నుందురు. పెక్కు ల్యాప్‌టాపులలో సి యును డి యును ఒకే డిస్కులోని రెండు అరలు మాత్రమే. ఒకే బీరువాలోని పై అరలో నొక ప్రతి, క్రింది అరలో నొక ప్రతి యుంచినట్లు. ఫార్మాటునకు డి డ్రైవు తప్పించుకొనవచ్చును గాని, డిస్కు చెడినచో రెండును పోవును. నకలనగా వేరొక వస్తువుపై, వేరొక చోట నుండవలెను. నెలకొకసారి ఒక పెన్‌డ్రైవుపై గాని, వెలుపలి హార్డుడిస్కుపై గాని నకలు తీసి, ఆ బీరువాలోనే కవరు ప్రక్కన పెట్టిన చాలును.

నకలు లేదు, యంత్రము సేఫ్ మోడ్‌లో సైతము లేవలేదు. అప్పటికిని మార్గమున్నది. ఉబుంటు వంటి ఉచితమైన లినక్సును పెన్‌డ్రైవుపై నెక్కించి, డిస్కులోని విండోసును కదల్పకయే, ఆ పెన్‌డ్రైవునుండి ల్యాప్‌టాపును లేపవచ్చును. అప్పుడు డిస్కులోని ఫైళ్లు సంచీలు సంచీలుగా కనబడును. వేరొక పెన్‌డ్రైవులోనికి ఎత్తుకొనవచ్చును. అది లేచునప్పుడు పరీక్షించి చూచుటయా, డిస్కుపై ఎక్కించుటయా యని అడుగును. పరీక్షించుట అను దానినే ఎన్నుకొనవలెను. లేదా డిస్కును విప్పి, చిన్న పెట్టెలో బిగించి, వేరొక కంప్యూటరునకు తీగతో తగిలించి చదువవచ్చును. ఈ రెండింటికిని, బిట్‌లాకరు తాళమున్నచో, ఆ 48 అంకెలే కావలెను. వెనుకటి చక్రపు డిస్కు టిక్కు టిక్కుమని శబ్దము చేయుచున్నచో మాత్రము ఒక్క క్షణమైనను నడుపకుడు. మరమ్మతు కార్యక్రమములు నడిపిన కొలది అది ఇంకను గీరుకొనిపోవును. మీట ఆర్పి, దస్త్రములు వెలికి తీయు నిపుణులకు చూపవలెను. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి కంప్యూటరు విపణులలో అట్టివారు దొరకుదురు. ఆ పని ఖరీదైనది. ఇంటి పన్ను పట్టికను కాగితపు రిజిస్టరు చూచి తిరిగి వ్రాసికొనవచ్చునా, లేక సొమ్ము పెట్టి వెలికి తీయించవలెనా యన్నది పాలకవర్గము కూర్చొని తేల్చుకొనవలసిన విషయము.

దుకాణమునకు పంపవలసి వచ్చినచో, యంత్రముతో ఒక చీటీని పంపుడు: "దస్త్రముల నకలు తీసి చూపిన పిదపనే విండోసు వేయవలెను." నోటిమాట చాలదు, దుకాణములో తీసికొనువాడొకడు, విప్పువాడొకడు. మరియొక సంగతి. విండోసు మరల వేయుటకు క్రొత్త అనుమతి కొననక్కరలేదు. విండోసుతోనే కొన్న ల్యాప్‌టాపునకు ఆ అనుమతి యంత్రమునకే కట్టుబడియుండును. అదే రకపు విండోసు వేసి ఇంటర్నెట్టు తగిలించినచో తానే గుర్తుపట్టును. దొంగ ప్రతిని వేసి, దానిపై డబ్బు తీసికొనువారుందురు. అట్టి ప్రతితో పంచాయతీ సొమ్ము చెల్లించు యంత్రమును నడుపుట, కన్నము పెట్టిన గోడకు ఆనించి బీరువా నిలిపినట్లు.

విండోసు మరల వేసిన పిదప పాత తీర్మానమును తెరచినచో తెలుగు అక్షరములకు బదులు అర్థము లేని గుర్తులు కనబడవచ్చును. ఫైలు చెడినదని తుడిచివేయకుడు. అను వంటి పాత పద్ధతి ఫాంట్లతో కొట్టిన కాగితములకు ఆ ఫాంటు మరల పెట్టువరకు అట్లే యుండును. పెట్టగనే తెలుగు తిరిగి వచ్చును. ఇకమీదట కొట్టు కాగితములను యూనికోడు తెలుగులో కొట్టినచో ఈ చిక్కు ఉండదు.

పాత ల్యాప్‌టాపులు కలవారికి ఒక మాట. విండోసు 10నకు మైక్రోసాఫ్టు సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. ఆ తేదీ దాటినదని యంత్రము లేవక మానదు, లేచును, పనిచేయును. కాని క్రొత్త చీడలకు మందు కొట్టని చేనువలె నుండును. విండోసు 11నకు తగినదైనచో మార్చుకొనవచ్చును. తగనిదైనచో దానితో డబ్బు చెల్లింపులు మాని, లినక్సు వేసి వ్రాతపనికి వాడుకొనవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ అను స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమ సంస్థ తెలుగులో నడచు లినక్సు కొరకు చాల కృషి చేసినది.

కడపటిగా ఒక చిన్న సరంజామా. 8 జీబీ పెన్‌డ్రైవు నొకదానిపై విండోసు నెక్కించు సాధనమును మైక్రోసాఫ్టు సైటు నుండి ఉచితముగా దింపుకొని సిద్ధము చేయవచ్చును. పెన్‌డ్రైవులో అంతకుముందున్నది చెరిగిపోవును గనుక ఖాళీదానినే వాడవలెను. ఉబుంటు పెన్‌డ్రైవు మరొకటి. నెల నకలునకు ఇంకొకటి. మూడింటిపైనను చీటీలు అంటించుడు. అన్నియు ఒకే రంగున నున్నచో నకలు పెన్‌డ్రైవుపై విండోసు నెక్కించు ప్రమాదము కలదు. ఒక్క మండలములోని పంచాయతీలన్నియు కలిసి మొదటి రెంటిని ఒక జత చేయించుకొనినను చాలును. నకలు పెన్‌డ్రైవు మాత్రము ఎవరిది వారికే యుండవలెను.

కార్యదర్శులు తమ తమ ల్యాప్‌టాపులను వెంట తెచ్చియున్నారు. భోజన విరామమునకు ముందు ఒక్కొక్కటిగా తెరచి, ఏ యంత్రమున తాళము పడియున్నదో, 48 అంకెలు ఎవరి ఖాతాలో నున్నవో చూతము. సర్పంచులు తమ తమ కార్యదర్శుల ప్రక్కనే కూర్చొనవలసినదిగా కోరుచున్నాము. కవరులును, అచ్చుయంత్రమును ఈ బల్లమీదనే యున్నవి.